మా చిన్నది ‘మేము’ అన్న రోజులు

మా చిన్నదానికి మాటలు వచ్చినప్పుడు ‘నేను’ రాలేదు, ‘మేము’ వచ్చింది. దానికంటే ముందు పుట్టిన పెద్దది ఏం చెప్పినా ఇద్దరి తరఫునా చెప్పేసేది. మాకు ఆకలేస్తోంది, మేం స్నానం చెయ్యం, మేం పడుకున్నాం, మమ్మల్ని లేపొద్దు. చిన్నది పక్కన నిలబడి అక్క నోట్లోంచి ఏ మాట వస్తే ఆ మాటే అందుకునేది. పెద్దది బడికి వెళ్లాక ఒక్కతే గోడకి ఆనుకుని కూర్చునేది. ఏం చేస్తున్నావే అని అడిగితే, “మేం ఆడుకుంటున్నాం” అనేది. మా ఆయన దానికి మేమమ్మ అని పేరు పెట్టారు. మేమమ్మగారు అన్నం తిన్నారా అని ఆయన అడిగితే, తినేశాం అని చాలా గంభీరంగా చెప్పేది. బడిలో వేశాక టీచరు పేరు పిలిస్తే “ఉన్నాం” అని పలికిందట. ఆ ముక్క చెప్పుకుని చాలా రోజులు నవ్వుకున్నాం.

అది మొదటిసారి ‘నేను’ అన్నది అక్కతో దెబ్బలాటలో. పెద్దది దాని రబ్బరు లాక్కుంటే, “నాది, నేనివ్వను” అంది. పెద్దదానికి కోపం రావాల్సింది పోయి, వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుని లాగింది. “అమ్మా, ఇది నేను అంది” అని, ఇంట్లో ఇంకో మనిషి పుట్టినంత సంబరంగా చెప్పింది.

మేముండేది పాత అపార్టుమెంటులో, నాలుగో అంతస్తులో. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. చేతులు ఎంత కడిగినా గ్రీజు వాసన పోదు. మా బిల్డింగు లిఫ్టు కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. పెద్దదానికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. బయటికి వెళ్లాలంటే ముందు లిఫ్టు బటన్ నొక్కి, తర్వాత లోపలికొచ్చి చెప్పులు వెతుక్కునేది. లిఫ్టు వచ్చి, తలుపు తెరిచి, దీని కోసం నిలబడేది. “లిఫ్టేమైనా నీ పెళ్లికొడుకా, గుమ్మంలో నిలబెడుతున్నావు?” అని ఆయన విసుక్కునేవారు. అది వినిపించుకుంటేగా.

డిగ్రీ అయ్యాక పీజీలో ఏం చదువుతావంటే పెద్దది భాషాశాస్త్రం అంది. మాటలొచ్చాకే కదా నిన్ను బడిలో వేసింది, మళ్లీ మాటల్లో చదవడానికేముందని ఆయన అడిగారు. చాలా ఉందట. దీని ‘మేము’ వల్లే నాకీ పిచ్చి పట్టింది అంటూ చెల్లెలి నెత్తిన మొట్టింది. కొన్ని భాషల్లో మనం, మేము అనే తేడా లేదట, రెండింటికీ ఒకటే మాటట. ఆయన కాసేపు ఆలోచించి, “మరి వాళ్లు భోజనానికి వెళ్తున్నాం అంటే, మనం చెప్పులేసుకోవాలా వద్దా?” అన్నారు. అక్కాచెల్లెళ్లు మంచం మీద పడి దొర్లి నవ్వారు. నాకు చదువు తక్కువ గానీ ఆ తేడా నాకెవరూ చెప్పక్కర్లేదు. మనం అంటే ఎదుటి మనిషి కూడా లోపలే ఉన్నట్టు. మేము అంటే ఎదుటి మనిషి గుమ్మం బయట ఉన్నట్టు.

పెద్దదానికి సీటొచ్చింది. చేరకముందే జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. హాస్పిటల్లో రక్తం తీసి ల్యాబుకి పంపారు. ఏ క్రిమో తెలిస్తే సరైన మందు వేస్తామన్నారు. ఆ రిపోర్టు వచ్చేసరికి పెద్దది లేదు.

రిపోర్టు తీసుకోవడానికి చిన్నదే వెళ్లింది. అప్పటికి డిగ్రీ రెండో ఏడు, సైన్సు. ఎందుకింత ఆలస్యమైందని అక్కడివాళ్లని అడిగిందట. క్రిమిని గాజుపళ్లెంలో పెంచాలి, అది పెరిగితేగానీ ఏదో తెలియదు, పెరగడానికి టైం పడుతుంది అన్నారట. ఇంటికొచ్చి నాకు అదే చెప్పింది. “దానికి పెరిగే టైం ఉందమ్మా. అక్కకే లేదు.” తర్వాత బాత్రూంలోకి వెళ్లి, తన జుట్టు తనే పొట్టిగా కత్తిరించుకుని వచ్చింది. అంతే. ఏడవలేదు. నా దగ్గర ఏడిస్తే నేనేమైపోతానో అనుకుని ఉంటుంది.

ఆ తర్వాత మూడో ఏడు కూడా బాగానే చదివింది. పీజీలో మైక్రోబయాలజీ చేస్తానంది. ఆయన దాన్ని పురుగుల చదువు అనేవారు. బాల్కనీలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో రొట్టెముక్క పెట్టి దాని మీద బూజు పెంచేది. రోజూ మూత మీద నుంచి చూసి, పచ్చటి బూజు ఎంత దూరం పాకిందో నాకు చెప్పేది. నాకు ఒళ్లు జలదరించినా వినేదాన్ని. ఇంట్లో వినిపించే గొంతు అదొక్కటే.

పరీక్షలైన కొత్తలో ఒక పొద్దున ఆయన టిఫిను తింటూ, “ఏమ్మా, దరఖాస్తులు ఎక్కడెక్కడ పెడుతున్నావు?” అని అడిగారు.

“మేం ఇంకా ఏమీ అనుకోలేదు నాన్నా” అంది చిన్నది.

ఆయన తలూపి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. స్నేహితురాళ్లంతా కలిసి అనుకుంటున్నారని ఆయన లెక్క. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మనం అని ఉంటే నన్ను కూడా కలుపుకుందని సంతోషించేదాన్ని. అది మేము అంది. దాని పక్కన ఖాళీ కుర్చీ. నేను గుమ్మం బయట.

ఒకసారి నోరు జారిందనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి వింటూనే ఉన్నాను. మాకు కాఫీ వద్దు. మేం పడుకుంటాం, తలుపు దగ్గరగా వెయ్యి. మళ్లీ ‘నేను’ అన్న మాట దాని నోట వినలేదు.

పక్కన పెద్దది లేకపోయినా చిన్నది ఆ వెడల్పు మంచం మీద ఓ అంచునే పడుకునేది. మిగతాదంతా ఖాళీ. మధ్యాహ్నాలు గదిలో కూర్చుని ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగాలొస్తాయో ఫోనులో చూసి పైకి చదివేది. నేను వరండాలో బట్టలు మడతపెడుతూ వినేదాన్ని. మైక్రోబయాలజీ అయితే హాస్పిటల్ ల్యాబులు, మందుల కంపెనీలు, తాగే నీళ్లు పరీక్ష చేసే చోట్లు, తినే సరుకులు పరీక్ష చేసే చోట్లు. మొదట్లో జీతం తక్కువ. పైకి వెళ్లాలంటే ఇంకా చదవాలి. ఇంతవరకూ చదివి ఆగేది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఎంతసేపు ఆగుతామో అంతసేపు ఆగేది. తర్వాత, “అది నిజమేననుకో” అనేది మెల్లగా. మళ్లీ చదివేది. భాషాశాస్త్రం అయితే కాలేజీలో పాఠాలు చెప్పడం, నిఘంటువుల పని, ఫోన్లకీ కంప్యూటర్లకీ మాట్లాడటం నేర్పే కంపెనీలు, మాట ఆలస్యంగా వచ్చే పిల్లల దగ్గర పని. మళ్లీ ఆగేది. ఈసారి నవ్వేది.

ఒకసారి ఉండబట్టలేక తలుపు తోసి, ఎవరితోనే మాటలు అన్నాను. చిన్నది మంచం అంచున కూర్చుని, ఒళ్లో ఫోను పెట్టుకుని, ఖాళీగా ఉన్న వైపుకి తిరిగి ఉంది.

“ఎవరితో లేదమ్మా. చదువుకుంటున్నాం.”

ముఖంలో దాపరికమేమీ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

లిఫ్టు కూడా ఆ రోజుల్లోనే మొదలుపెట్టింది. చిన్నది బయటికి వెళ్లడానికి తయారవుతుండగా, ఇంకా చెప్పులైనా వేసుకోకముందే, లిఫ్టు ఖాళీగా మా అంతస్తుకొచ్చి తలుపు తెరిచేది. ఆయన బటన్ విప్పి చూశారు. తుడిచారు, మార్చారు, పైన మెషిను గదికి వెళ్లి వైర్లన్నీ చూసొచ్చారు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆయన దాని ముందు నిలబడి, తలుపు మూసుకునేదాకా చూశారు.

“బటన్‌లో ఏం లేదే. ఎవరో నొక్కితే వచ్చినట్టే వస్తోంది” అన్నారు.

మరి ఏం చేస్తారని అడిగాను. ఆయన స్క్రూడ్రైవరు సంచిలో పెట్టేసుకున్నారు. “రాని లిఫ్టుని బాగుచేస్తాను. వచ్చేదాన్ని ఏం బాగుచెయ్యను? ఉండనీ.” ఆ మాట అన్నాక నావైపు చూడలేదు.

చిన్నది రెండు కోర్సులకీ ప్రవేశ పరీక్ష రాసింది. రెండింట్లోనూ మంచి ర్యాంకే వచ్చింది. ఎటూ తేల్చడం లేదని ఆయన పై అంతస్తు ప్యాకేజీ సారుని పిలుచుకొచ్చారు. ఆ సారు ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకి ఉద్యోగాలు చూపించే పనిలో ఉంటారు. ఏ కోర్సు పేరు చెప్పినా ప్యాకేజీ ఎంత అనే అడుగుతారు కాబట్టి బిల్డింగులో అందరికీ ఆయన ప్యాకేజీ సారే. మనిషి మంచివాడు. పెద్దది ఉన్నప్పుడు ఆయనతో గంటలకొద్దీ వాదించేది.

సారు ముందు ఎంబీఏ గురించి చెప్పారు. అది అందరికీ చెప్తారు. తర్వాత శ్రద్ధగానే విడదీసి చెప్పారు. పురుగుల చదువుకి చేతిపని ముఖ్యం, చదువుతూనే ఏదైనా ల్యాబులో పని నేర్చుకో, లేకపోతే పట్టా ఉన్నా పక్కన నిలబెడతారు అన్నారు. భాషాశాస్త్రానికి ఉద్యోగాలు తక్కువ, చేసేవాళ్లూ తక్కువే, కంప్యూటరు పని కూడా వస్తే కంపెనీలు తీసుకుంటాయి అన్నారు. చిన్నది అన్నీ విని, “ఈ రెండింట్లో మాకు ఏది మంచిది సార్?” అంది.

“మీకు అంటే?”

“మాకే సార్.” అని, ఇక మొదలుపెట్టింది. మాట రాని పిల్లల సంగతి, కంప్యూటరుకి మనం, మేము తేడా నేర్పడం ఎంత కష్టమో ఆ సంగతి, ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయింది. సారు అడ్డం వస్తే చెయ్యెత్తి ఆపింది. పెద్దది అలాగే ఆపేది. ముగించేటప్పుడు “అదీ సంగతి” అంది. అది పెద్దదాని ఊతపదం. చిన్నది అంతకుముందు ఎప్పుడూ అనలేదు. మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

గుమ్మం దాకా సాగనంపితే సారు చెప్పులేసుకుంటూ, “బెంగపడకండమ్మా, మీ పిల్లలిద్దరూ గట్టివాళ్లే. నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు” అని నవ్వారు. అంతలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. గదివైపు ఓసారి చూసి, “ఇద్దరూ అన్నానా?” అన్నారు గొంతు తగ్గించి. లిఫ్టు తలుపు తెరిచే ఉంది. ఆయన దాన్ని చూసి, మెట్లెక్కి వెళ్లిపోయారు.

సీట్లు ఇచ్చే రోజు దగ్గరికొచ్చింది. హాల్లో పేరు పిలిచినప్పుడు ఒక్కటే చెప్పాలి. చెప్పాక మార్చుకోవడానికి లేదు, వదిలేసింది వెనక ఉన్నవాళ్లకి వెళ్లిపోతుంది. భాషాశాస్త్రం అంటే పెద్దది చేరాల్సిన చోటే, ఆ మెట్లే, ఆ క్లాసే. చిన్నది వంటింటి గట్టు మీద చేతులు ఆనించి, “నువ్వు చెప్పమ్మా. నువ్వు ఏది చెప్తే అదే చేస్తాం” అంది.

సీట్లిచ్చే ముందురోజు మధ్యాహ్నం దాకా నేను చెప్పలేకపోయాను. నాకు ఆశ పుట్టింది. భాషాశాస్త్రం అంటే చాలు. పెద్దది పొద్దున్నే లిఫ్టుని నిలబెట్టి కాలేజీకి వెళ్తుంది, సాయంత్రం వచ్చి అదీ సంగతి అంటుంది. ఈ ఇంట్లోనే ఉంటుంది. నోటిదాకా వచ్చిన మాట అది. ఒకటే అడ్డం. చిన్నది మళ్లీ ఎప్పటికీ ‘నేను’ అనదు.

చిన్నది జెరాక్సు కాపీలు తీయించుకోవడానికి వెళ్లింది. నేను బట్టలు నానబెడదామని బాల్కనీలోకి వెళ్లి సబ్బుపొడి డబ్బా జరిపాను. దాని వెనక, గోడ మూలకి, రొట్టెముక్క డబ్బా. పారేసిందనుకున్నాను. ముక్క కొత్తది. బూజు ఇంకా లేతగా, తెల్లగా ఉంది. అంటే రోజూ చూసుకుంటోంది. ఇదివరకు కిటికీలో అందరికీ కనిపించేలా పెట్టుకునేది. ఇప్పుడు నా సబ్బుపొడి వెనక దాచుకుంది. నా దగ్గర ఎందుకు దాస్తుంది? నేనేమీ అననుగా.

నా దగ్గర దాచలేదు. గదిలో ఉన్నవాళ్ల దగ్గర దాచింది. అక్క చిన్నబుచ్చుకుంటుందని.

డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్లాను. మంచం మీద, ఖాళీగా ఉండే వైపు, నేనెప్పుడూ కూర్చోని చోట కూర్చున్నాను. ఎండ నిండుగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది, దుప్పటి మడత కూడా చెదరలేదు. అయినా నా పక్కన ఎవరో కొంచెం జరిగి చోటిచ్చినట్టే అనిపించింది.

“ఇది చూశావా తల్లీ” అన్నాను డబ్బా చూపించి. “నువ్వు బాధపడతావని దాచుకుంది. ఒకప్పుడు అది ‘నేను’ అంటే నువ్వే కదే ఎగిరి గంతేశావు. ఇప్పుడూ అననీ. దాన్ని వదిలెయ్. నీకు తోడు కావాలంతేగా, నేను లేనూ? పగలంతా ఒక్కదాన్నే ఉంటాను. నా దగ్గరికి రా.”

బయట లిఫ్టు వచ్చి ఆగింది. చిన్నది వచ్చిందనుకుని వెళ్లి తలుపు తీశాను. లిఫ్టులో ఎవరూ లేరు. కాసేపు నిలబడి, తలుపు మూసుకుంది. నేను డబ్బా తీసుకెళ్లి కిటికీలో, పాత చోట్లోనే పెట్టాను. చిన్నది వచ్చి దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆ రాత్రి మంచం మధ్యలో పడుకుంది.

మర్నాడు హాలు కిటకిటలాడిపోతోంది. తల్లులు, తండ్రులు, ఫైళ్లు పట్టుకుని గోడల వెంట నిలబడ్డ పిల్లలు. నేను ఒక కుర్చీలో కూర్చున్నాను. నా పక్క కుర్చీ ఖాళీ. మోకాళ్ల నొప్పితో నిలబడలేక ఒకావిడ దాని దగ్గరికొచ్చింది. నేను కూర్చోండి అనబోయేలోగా ఆవిడే, “ఎవరో ఉన్నట్టున్నారు” అని వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా ఎవరూ కూర్చోలేదు.

చిన్నదాని పేరు పిలిచారు. బల్ల వెనక గుమస్తా తలెత్తకుండా, ఏదమ్మా అన్నాడు. చిన్నది వెనక్కి తిరిగింది. నా వైపు కాదు, నా పక్క కుర్చీ వైపు చూసింది. చాలాసేపు చూసింది. గుమస్తా కలం బల్ల మీద తాటించి, త్వరగా చెప్పమన్నాడు.

“నేను...” అంది చిన్నది. అని ఆగిపోయింది. నోటికి అలవాటు తప్పిన మాట కదా. “నేను మైక్రోబయాలజీ తీసుకుంటానండి.”

బస్సులో చిన్నది కిటికీ పక్కన కూర్చుని చాలా దూరం బయటికే చూసింది. తర్వాత నా భుజం మీద తలపెట్టి, ఏడ్చింది. అక్క పోయినప్పటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక, “అక్కకి ఏం చెప్పావమ్మా?” అని అడిగింది.

“ఏం చెప్తాను? నాకు తోడు కావాలన్నాను.”

అది నా ముఖంలోకి చూసి, నాకు అవతలి పక్కకి చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

ప్యాకేజీ సారు చెప్పినట్టే చిన్నది చదువుతూనే ల్యాబులో పని నేర్చుకుంది. ఇప్పుడు ఒక హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం. జీతం సారుకి నచ్చేంత లేదు. రక్తం వచ్చిన పూటే పళ్లెంలో వేస్తుందట, అంతకుముందు మర్నాటికి వదిలేసేవాళ్లట. పెరుగుతున్నది ఏమిటో ముందే ఏ కొంచెం తెలిసినా డాక్టరుకి ఫోను చేసేస్తుందట, పూర్తి రిపోర్టు కోసం ఆగదట. తొందరెక్కువ అని అక్కడ తిడతారు. నేను ఆగలేను అంటుంది. నేను, నాకు, నాది. మా ఆయన ఇప్పుడు దాన్ని నేనమ్మ అంటున్నారు.

దాని పనివేళలకి తగ్గట్టు ఆ హాస్పిటల్ వీధిలోనే గది తీసుకుంది. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. పగలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. పని చేసుకుంటూ, నేను చదివినవీ విన్నవీ అన్నీ పైకే చెప్తుంటాను. చెప్పాక కాసేపు ఆగుతాను.

నిన్న కూరగాయలకని సంచి తీసుకుని, చెప్పులు ఎక్కడ విడిచానో వెతుక్కుంటున్నాను. బయట లిఫ్టు వచ్చి ఆగిన చప్పుడైంది. తలుపు తెరిచి నిలబడి ఉంది. ఎదురింటావిడ తాళం వేసుకుంటూ నన్ను చూసి, ఇంత ఎండలో ఒక్కదానివే వెళ్తున్నావా అని అడిగింది.

“ఇక్కడికేగా” అన్నాను. “ఇప్పుడే వచ్చేస్తాం.”